బడి గడప దాటి పొగ రారాదు

మార్కాపురము పేరు వినగానే తెలుగునాట నెందరికో మొదట స్ఫురించునది పలక. ఈ పట్టణపు పరిసరముల నేలలోనుండి పొరలు పొరలుగా తీసిన రాతిని పలుచగా చీల్చి, నునుపుచేసి, చట్రము బిగించి, ఊరూరి బడులకు పంపిన చేతులు ఈ సీమవారివే. ఓనమాలు దిద్దిన ఎన్నియో తరముల బిడ్డలకు తొలి విద్యాసాధనమును సమకూర్చిన ఊరిది. అట్టి సీమలో, మార్కాపురము మొదలుకొని కంభము, గిద్దలూరు వరకు గల పల్లెలలో, పసిబిడ్డల బడి యెట్లుండవలెనని విచారించుట మనకు తగిన పనియే. గోడలకు సున్నమున్నదా, త్రాగుటకు నీరున్నదా, పంతులుగారు వేళకు వచ్చుచున్నారా యని మన మడుగుచునే యున్నాము. ఇంకొక ప్రశ్నను మాత్రము అడుగుట లేదు. ఆ బడిలో పొగ యున్నదా?

పొగ యని మేము చెప్పునది చుట్టపొగ, బీడీపొగ, సిగరెట్టుపొగ. గుట్కా, జర్దా, నశ్యము మొదలగునవి దానికి తోబుట్టువులే యైనను, ఇప్పటి మా ప్రస్తావము ముఖ్యముగా పొగనుగూర్చియే. అది మగవారి సంగతి, మనకేల యని కొందరు సోదరీమణు లనవచ్చును. వీధిలో నిలిచి బీడీ ముట్టించునది ఎక్కువగా పురుషులే యగుట నిజము. కాని ఆ పొగను పీల్చువారు పురుషులు మాత్రమే కారు. బడికి పోవు బిడ్డ మన యొడిలోనుండి లేచి పోవుచున్నది. దగ్గుతో తిరిగివచ్చినచో రాత్రియంతయు మేలుకొని యుండునది మనమే. కావున ఈ విషయమున మాటాడుటకు మనకంటె హక్కుగలవారు లేరు.

బడిలో పొగవలన కలుగు హాని రెండు విధములు. ఒకటి ఊపిరికి, రెండవది నడవడికి.

మొదటిదానిని చూతము. పసివాడు పెద్దవానికంటె నిమిషమునకు ఎక్కువసార్లు ఊపిరి తీయును. వాని ఊపిరితిత్తులు ఇంకను పెరుగుచుండును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనములు కలవనియు, వానిలో దాదాపు 70 కాన్సరును కలిగించునవనియు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఇతరులు వదలిన పొగను పీల్చు బిడ్డలకు ఉబ్బసము ముదురుట, రొమ్ముపడిశెము, చెవిపోటు తరచుగ వచ్చుట వైద్యులు ఎరిగిన సంగతియే. ఇతరుల పొగ హానియని మొదట లోకమునకు గట్టిగా తెలియజెప్పినది గృహిణులనుగూర్చిన యొక పరిశోధనయే యగుట గమనింపదగినది. జపాను దేశమున తకేషి హిరాయామా అను శాస్త్రజ్ఞుడు, తాము పొగత్రాగని 91,540 మంది యిల్లాండ్రను పదునాలుగేండ్లు గమనించి, ఫలితములను 1981లో ప్రకటించెను. మితిమీరి పొగత్రాగు భర్తలుగల స్త్రీలకు, పొగత్రాగని భర్తలుగల స్త్రీలకంటె ఊపిరితిత్తుల కాన్సరు ఎక్కువగా వచ్చుచున్నదని తేలెను. ఇతరుల పొగను పీల్చుటలో హానిలేని మోతాదు అనునదే లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ప్రకటించెను. ఒక చుట్టయే కదా, ఒక నిమిషమే కదా యను మాటకు ఇక తావు లేదు.

ఈ సీమకు ఇంకొక విశేషము కలదు. పలకల పనిలో రాతిదుమ్ము లేచును. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులలో పేరుకొని వానిని గట్టిపరచును. అట్టివారికి క్షయ సులభముగా సోకును. పొగత్రాగుటయు క్షయకు దారితీయునదే. ఈ రెండును ఒక యింట చేరిన కుటుంబములు మార్కాపురపు వాడలలో లేకపోలేదు. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక ప్రణాళికను ప్రారంభించినపుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, సూరతు వజ్రముల పని మొదలగువానితోపాటు మార్కాపురపు పలకల పరిశ్రమయు ఆ మొదటి జాబితాలో చేరెను. ఒక తల్లి బిడ్డ వ్రాసికొను పలకకై మరియొక తల్లి బిడ్డ దుమ్ము మ్రింగిన దినములవి. ఆ పిల్లలను పనినుండి తప్పించి బడికి చేర్చుటకు ఎందరో శ్రమించిరి. అట్లు దుమ్ములోనుండి తప్పించి తెచ్చిన బిడ్డను పొగలో కూర్చుండబెట్టుట యేమి న్యాయము?

ఇక రెండవ హాని. ఇది కంటికి కనబడదు, దగ్గురూపమున వినబడదు. కాని మొదటిదానికంటె దీర్ఘకాలము నిలుచును.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లియందు, చదువు ముగించి యింటికి మరలు శిష్యునకు గురువు చేయు నుపదేశము కలదు. తనయందును, తనవంటివారియందును గల మంచి నడవడులనే గ్రహింపుమనియు, తక్కినవానిని గ్రహింపవలదనియు ఆ గురువు స్వయముగా చెప్పును. ఎంతటి నిగర్వియైన గురువు! అయితే ఆ శిష్యుడు వేదము ముగించిన యువకుడు. మంచిచెడుల నేర్పరచు జల్లెడ వానిచేతిలో నున్నది. ఆరేండ్ల బాలునకు ఆ జల్లెడ యెక్కడిది? పంతులుగారు చెప్పిన లెక్కనెట్లు నేర్చునో, పంతులుగారి వ్రేళ్లనడుమ బీడీ నిలిచిన తీరును అట్లే నేర్చును. బలపమును పెదవులనడుమ నుంచుకొని, కన్నులు చిట్లించి, పొగ వదలినట్లు నటించు బాలుని మన మందరము చూచినవారమే. చూచి నవ్వినవారమే. ఆ నటనకు వానికి గురువెవరో యని మాత్రము విచారింపము.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశమును, వెంకటేశమును ఎరుగని తెలుగువారు లేరు. ఆ గురువువలన ఆ శిష్యునకబ్బిన విద్య చుట్టకాల్చుట యొక్కటియే. అది 1892లో ప్రదర్శింపబడిన నాటకము. మనము నేటికిని నవ్వుచున్నాము. కాని 2019లో మన దేశమున 13 మొదలు 15 ఏండ్ల వయసుగల విద్యార్థులనుగూర్చి జరిగిన జాతీయ పరిశీలనలోని లెక్కలు నవ్వు పుట్టించునవి కావు. నూటికి 8.5 మంది అప్పటికే ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. బీడీ రుచి చూచిన పిల్లలలో నూటికి 47 మందియు, సిగరెట్టు రుచి చూచినవారిలో నూటికి 38 మందియు పదియేండ్లు నిండకమునుపే మొదలిడిరి. పదియేండ్లు నిండకమునుపనగా ప్రాథమికపాఠశాలలో నున్నప్పుడే. ఉన్నతపాఠశాలలో మంచిమాటలు చెప్పుదమని వేచియుండినచో సగము పంట అప్పటికే చీడపాలగును.

మన పూర్వులును ధూమపానము చేసినారు, వైద్యగ్రంథములలోనే యున్నదని వాదించు పెద్దలు కొందరు కలరు. వారికి వినయముతో విన్నవించునది యేమనగా, చరకాదులు చెప్పిన ధూమము ఔషధద్రవ్యములతో చేసిన వర్తియే గాని పొగాకు కాదు. పొగాకు అమెరికాఖండపు మొక్క; పోర్చుగీసువారి యోడలతో మన దేశమునకు వచ్చినది. అంతేకాదు. ఆ ఔషధధూమమును సైతము పదునెనిమిదేండ్లు నిండనివారికి ఈయరాదని వాగ్భటుడు అష్టాంగహృదయమున, సూత్రస్థానపు నస్యవిధి యను నధ్యాయమున నియమించెను. నేటి చట్టము పొగాకును అమ్మరాదనునదియు పదునెనిమిదేండ్లు నిండనివారికే. శాస్త్రమును సాక్షిగా పిలుచువారు ఆ సాక్షి చెప్పునది పూర్తిగా వినవలెను.

చట్టమును చూడబోయిన అది నిద్రించుట లేదు. 2001 నవంబరు 2వ తేదీన సుప్రీముకోర్టు, మురళీ దేవరా వేసిన వ్యాజ్యమున, విద్యాలయములు, వైద్యశాలలు, రైళ్లు మొదలగు బహిరంగస్థలములలో పొగత్రాగుటను నిషేధించెను. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టము బహిరంగస్థలములలో పొగత్రాగరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజముల లోపల ఎవ్వరికిని అమ్మరాదనియు శాసించెను. ఆ నూరు గజములను బడి ప్రహరీగోడ వెలుపలి యంచునుండి నలుదెసలకు కొలువవలెను. 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, బడిలో పొగత్రాగినవానికి 200 రూపాయలవరకు జరిమానా విధించు నధికారము ఆ బడి ప్రధానోపాధ్యాయునకే కలదు. బాలల న్యాయచట్టము, 2015, ఇంకను కఠినము: వైద్యుని యాజ్ఞ లేక బాలునకు పొగాకు వస్తువు నిచ్చినవానికి గాని, ఇప్పించినవానికి గాని ఏడేండ్లవరకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖవారు సవరించి వెలువరించిన మార్గదర్శకములు బడి లోపల ఉండదగినవానిని, ఉండరానివానిని పేర్కొనినవి. ఆవరణలో బీడీముక్క గాని, గుట్కాపొట్లము గాని, ఉమ్మిమరక గాని కానరాదు. గేటువద్ద ప్రకటన యుండవలెను. నూరుగజముల హద్దును గీతగీసి చూపవలెను. ఈ పనికి బాధ్యుడగు నొకని పేరు తెలిసియుండవలెను.

ఇన్ని యున్నను పొగ యేల నిలిచియున్నది? బోర్డు చదువుటకు గోడమీద నున్నది. చుట్ట నార్పుటకు ఒక నోరు కావలెను. ఆ నోరు లేకుండుటయే లోపము. పైగా పల్లెలో బడి పిల్లలది మాత్రమే కాదు, ఊరందరిది. గ్రామసభ అచ్చటనే; ఎన్నికలనాడు ఓట్లపెట్టె అచ్చటనే; పెండ్లివారు వచ్చిన విడిది అచ్చటనే. ఎండకాలపు రాత్రులలో గాలికై వచ్చి వరండాలో కూర్చుండి పేకాడువారును కలరు. మేస్త్రీలు గోడ కట్టుటకు వత్తురు, అధికారులు తనిఖీకి వత్తురు, తండ్రులు బిడ్డలను దింపుటకు వత్తురు. వీరిలో ఒక్కొక్కరు విడిచిన బీడీముక్క యొక్కటియే. తెల్లవారి మొదట బడికి వచ్చిన బిడ్డ చీపురుపట్టి ఊడ్చునపుడు అవన్నియు కలిసి చేటెడగును. ఆ ముక్కలను చిన్నివ్రేళ్లతో ఏరుట ఏ పాఠ్యపుస్తకములోని పాఠము?

మా యింటివారు ఉపాధ్యాయులగుటచే ఈ సంగతులు మాకు దూరపువి కావు. ఉపాధ్యాయులలో పొగయలవాటు గలవారు కొందరు బడిగోడ వెనుకకు పోయి త్రాగివత్తురు. పిల్లలకు తెలియదని వారి నమ్మకము. పిల్లలకు తెలియనిది లేదు, చొక్కావాసనయే చెప్పును. అయినను వారిని దొంగలవలె చూచుట మాకు సమ్మతము కాదు. నికొటిను మనుష్యుని పట్టునది, వదలింపదగినది, అది వ్యాధివంటిదే. మానదలచినవారికి ప్రభుత్వము 1800-11-2356 అను నంబరుతో రుసుములేని సలహాకేంద్రమును నడుపుచున్నది. ఆ సంఖ్య సిగరెట్టుపెట్టెల మీదనే అచ్చువేయబడియున్నది. ఆ సంఖ్యను భర్తకు చూపవలసినది భార్యయే. పోట్లాటవేళ గాక, మనస్సు నెమ్మదిగా నున్నవేళ చూపవలెను.

ఇప్పుడు చేయదగిన పనులు.

మొదటిది, బిడ్డను బీడీకై అంగడికి పంపుట మానవలెను. "ఒరే అబ్బీ, పోయి కట్ట తీసుకురా" యని తాత యనును, తండ్రి యనును, ఒక్కొక్కచో పంతులుగారే యందురు. చిల్లర మిగిలినచో బిళ్లలు కొనుక్కొమ్మనుటయు కలదు. పాపము, వారు ప్రేమతోనే పంపుదురు. కాని ఆ దారిలో బిడ్డ అంగడిని, ధరను, కట్టమీది బొమ్మను, వాసనను నేర్చుకొనును. మన యింటినుండి ఏ బిడ్డయు ఈ పనికి పోరాదని మనము నిశ్చయించినచో, దానిని తప్పించుటకు ఏ యధికారియు అక్కరలేదు.

రెండవది, బడిచెంతనున్న బంకు. ఇది సులభమైన సంగతి కాదు. నూరుగజముల లోపల బీడీలమ్మునది తరచుగా ఆధారములేని యొక విధవయో, భర్త మంచముపట్టిన యిల్లాలో యై యుండును. ఆమెను జరిమానాతో తరిమినచో బిడ్డలకు మేలు, ఆమె పొయ్యికి కీడు. మాకు తోచినది యేమనగా, ఆమెతో ముందుగా మనమే మాటాడవలెను. "అక్కా, బీడీలు తీసివేయుము. పలకలు, బలపములు, నోటుపుస్తకములు, బొరుగుల ఉండలు, పప్పుచెక్కలు పెట్టుము. మేమందరము నీ దగ్గరనే కొందుము" అని చెప్పి, చెప్పినట్లు కొనవలెను. కొనని వాగ్దానము వలన ప్రయోజనము లేదు. అటుపైనను మానకున్నచో చట్టమున్నదని గుర్తుచేయవచ్చును. ఆమె బిడ్డ పదునెనిమిదేండ్ల లోపు వయసుదైనచో, ఆ బిడ్డను అంగడిలో కూర్చుండబెట్టి పొగాకు అమ్మించుటయు నిషిద్ధమే.

మూడవది, వచ్చిపోవు పెద్దలతో మాటాడుట. పెద్దవారి చేతిలోని చుట్టను ఆర్పుమనుట మనవంటివారికి సంకటమే. కాని గౌరవముతో అడిగిన మాటను పల్లెవారు త్రోసివేయుట అరుదు. "పెదనాయనా, లోపల పిల్లలు చదువుకొనుచున్నారు. చుట్ట ఆర్పి రండి, అరుగుమీద కూర్చుండవచ్చును" అన్నచో వారికి అవమానము లేదు. గుడిలోనికి చెప్పులు విడిచి పోవుటకు నొచ్చుకొనువారు లేరు. బడి గేటువద్ద ఇసుక పోసిన కుండ నొకటి వెలుపల నుంచినచో, ఆర్పుటకు చోటు దొరకును, మాటయు తగ్గును. లోపల మాత్రము బూడిదపాత్ర గాని, అగ్గిపెట్టె గాని ఉంచరాదు. అది ఆహ్వానమే యగును. ఈ కాపలాపని పసిపిల్లలకు అప్పగింపరాదు. తండ్రిమీద బిడ్డచేత కొండెములు చెప్పించుట బడిపని కాదు. అది పెద్దలు పెద్దలతో తేల్చుకొనవలసినది.

నాలుగవది, కమిటీ. విద్యాహక్కు చట్టము, 2009, బడి యాజమాన్యకమిటీలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెననియు, మొత్తములో సగము స్త్రీలు ఉండవలెననియు విధించినది. చాలచోట్ల ఆ సగము సంతకమువరకే నిలిచియున్నది. భార్య పేరున భర్త పోయి కూర్చుండుటయు కలదు. అట్లు గాక మనమే పోయి, రాత్రులు వరండాను ఎవరు వాడుచున్నారు, తాళము ఎవరిచేత నున్నది, సభకో విడిదికో ఇచ్చినపుడు మరునాటి ప్రొద్దుటికి ఊడ్చి యప్పగించు భారమెవరిది యని అడిగి, సమాధానమును పుస్తకమున వ్రాయింపవలెను. ఇచ్చినవారే ఊడ్చి యీయవలెనను నియమము ఒక్కటి నిలిచినను బిడ్డల చేతికి బీడీముక్కలు తగులవు. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమంతట ప్రభుత్వపాఠశాలలలో తలిదండ్రుల మహాసమావేశము జరిగెను. అట్టి సభలలో తల్లులు వరుసగా కూర్చుండి వినివచ్చుటయేకాక ఈ మాటను లేవనెత్తవచ్చును.

పనిలోపనిగా వంటపొగనుగూర్చియు ఒకమాట. మధ్యాహ్నభోజనము కట్టెలపొయ్యిమీద వండుచోట, తరగతిగదివైపు గాలి వీచినచో పిల్లల కండ్లు మండును; వండు తల్లుల ఊపిరి సంగతి చెప్పనక్కరలేదు. బీడీపొగను వలదని కోరుచు ఈ పొగను ఓర్చుకొనుమనుట పొసగదు. గ్యాసుపొయ్యి యైనను, దూరముగా వంటయిల్లైనను కమిటీయే యడిగి తెచ్చుకొనవలెను.

తుదకు ఒక శంక. ఈ ప్రాంతమున పొదిలి, కనిగిరి వైపు పొగాకు పంట కలదు. అచ్చట పొగాకుబోర్డు వేలముకేంద్రములును కలవు. ఎందరో రైతుల యిండ్లలో బిడ్డ ఫీజు, కూతురి పెండ్లి ఆ వేలపు ధరమీదనే నిలిచియుండును. పొగను నిందించినచో ఆ రైతును నిందించినట్లు కాదా యని అడుగవచ్చును. కాదని మా యభిప్రాయము. ఏ పంట వేయవలెనో, ధర యెట్లు రావలెనో అవి వేరు ప్రశ్నలు. వానికి రైతులు, ప్రభుత్వము సమాధానము వెదకవలెను. మన మడుగునది చిన్నది. బడి యావరణ మను నాలుగుగోడలలోపల, ఆపైన నూరుగజములలోపల, బిడ్డ చదువుకొను వేళలయందును, చదువుకొనని వేళలయందును పొగ వలదు. పొగాకు పండించు రైతుసైతము తన బిడ్డ నోట బీడీ చూడగోరడు. అతడే మనకు మొదటి సహాయుడు కాగలడు.

సోదరీమణులారా! వేయిమాటలలో మేము చెప్పినదానిని మీరు మూడుపనులలో నెరవేర్పవచ్చును. ఈ నెలలో ఒకదినము మీ బడిచుట్టు నూరుగజములు నడచి చూడుడు. బీడీకై బిడ్డను పంపవలదని ఇంటిలో ఒకమాట చెప్పుడు. వచ్చు కమిటీకి మీరే స్వయముగ పోయి, ఈ యొక్క విషయమును పుస్తకమున వ్రాయింపుడు. వీనిలో దేనికిని డబ్బు అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. మన బిడ్డ బడినుండి వచ్చినపుడు దాని జుట్టు ముద్దిడి చూచిన, సుద్దపొడివాసన, ఎండవాసన తప్ప మరేమియు రాకుండిన చాలును.